రాబందు కోసం ఊరు ఖాళీ చేయక్కర్లేదు

ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా హనుమకొండలో జరిగిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం

తాడ్వాయి, ఏటూరునాగారం, గంగారం, కొత్తగూడ, గూడూరు నుంచి తమ్ముళ్లు, చెల్లెళ్లు పొద్దున్నే బస్సులెక్కి వచ్చారు. నాట్ల రోజులు. ఇంటి దగ్గర పని వదిలి వచ్చారని మాకు తెలుసు. అందుకే సూటిగా విషయంలోకి వస్తాం.

మేం మాట్లాడబోయేది రాబందు గురించి. పేరు వినగానే కొందరు నవ్వుతున్నారు. నవ్వొచ్చే పేరే. మన ఉపన్యాసాల్లో, పాటల్లో, కరపత్రాల్లో రాబందు అంటే తిట్టు. భూములు గుంజుకున్నవాణ్ని భూరాబందు అంటాం. వడ్డీలకిచ్చి పీడించేవాణ్ని రాబందు అంటాం. 1/70 చట్టం గురించి మాట్లాడిన ప్రతి సభలోనూ ఆ మాట వినిపిస్తుంది. నిజానికి ఆ పక్షికి ఇంత అన్యాయం ఎందుకు చేశామో తెలియదు. అది ఎవరి భూమీ గుంజుకోదు. బతికున్న జీవిని వేటాడదు. చచ్చినదాన్ని తిని ఊరిని శుభ్రం చేసి పోతుంది. వడ్డీ వ్యాపారిని తిట్టడానికి వేరే పేరు వెతుక్కుందాం.

మీలో రాబందును కళ్లారా చూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తమంటే పెద్దవాళ్ల వరసల్లోనే చేతులు లేస్తున్నాయి. ఆకాశంలో తిరిగే ప్రతి పెద్ద పక్షీ రాబందు కాదు. మీరు రోజూ చూసేది గద్ద, దాని తోక చీలినట్టు ఉంటుంది. రాబందు అంతకు ఎన్నో రెట్లు పెద్దది. రెక్కలు చాపితే మనిషి నిలువును మించుతుంది. మెడ మీద ఈకలు ఉండీ లేనట్టుంటాయి. రెక్క ఆడించకుండా గాలి మీద తేలుతూ పోతుంది. మన తాతల కాలంలో ఎద్దు చచ్చిపోతే ఊరవతలికి ఈడ్చి, తోలు తీసి వదిలేసేవాళ్లు. కాసేపటికి ఆకాశంలో ఒక చుక్క, తర్వాత పది చుక్కలు కనిపించేవి. గుంపు దిగితే గంట లోపే ఎముకలు మిగిలేవి. కంపు లేదు, ఈగలు లేవు, పంచాయతీకి ఖర్చూ లేదు.

కథల్లోనూ ఈ పక్షి మనకు దూరం కాదు. భద్రాచలం పక్కన ఎటపాక ఉంది. జటాయువు రావణుడితో పోరాడింది అక్కడేనని, జటాయుపాకే ఎటపాక అయిందని చెబుతారు. వరరామచంద్రాపురం మండలంలో రేకపల్లి ఉంది. తెగిన రెక్క పడ్డ చోటు కాబట్టి ఆ పేరని నమ్ముతారు. ఈ రెండూ ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. పక్షి పేరు ఊళ్లకు మిగిలింది. పక్షి మాత్రం లేదు.

ఎటు పోయింది? చాలామంది అడవి పోయింది కాబట్టి పోయిందనుకుంటారు. సెల్ టవర్ల వల్ల అనేవాళ్లూ ఉన్నారు. ట్రాక్టర్లు వచ్చాక పశువులు తగ్గాయి, తిండి తగ్గిందనే మాటలో కొంత నిజం ఉంది. కానీ అసలు కారణం అది కాదు. ఆ కారణం కనిపెట్టడానికి శాస్త్రవేత్తలకే ఏళ్లు పట్టింది.

1990ల్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర కేవలాదేవ్ పార్కులో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ రాబందులను లెక్కపెడుతుండేవారు. లెక్క ఏటేటా పడిపోతోంది. పక్షులు చెట్ల మీద మెడ వాల్చేసి కూర్చుంటున్నాయి, కొన్ని రోజులకు కింద పడి చస్తున్నాయి. మొదట ఏదో వైరస్ అనుకున్నారు. దేశమంతా వెతికారు, రోగం దొరకలేదు. 2004లో లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి పరీక్షించి జవాబు చెప్పింది. కారణం రోగం కాదు, మందు. పశువులకు నొప్పి, జ్వరం, వాపు తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ సూది.

ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెబుతాం, ఎందుకంటే ఊళ్లో ఎవరైనా మిమ్మల్ని అడిగేది ఇదే. మనిషి వేసుకుంటే ఏమీ కాని మందు, ఎద్దుకు వేస్తే లేచి నిలబడే మందు, పక్షిని ఎలా చంపుతుంది? మన ఒంట్లోని మలినం మూత్రంతో నీళ్లలా పోతుంది. పక్షి ఒంట్లో అది యూరిక్ ఆమ్లంగా మారి తెల్లటి రెట్టలా బయటికి పోవాలి. ఆ పని చేసేవి మూత్రపిండాలు. డైక్లోఫెనాక్ కొద్దిగా ఒంట్లోకి వెళ్లినా రాబందు మూత్రపిండాలు ఆగిపోతాయి. బయటికి పోవలసిన తెల్లటి పదార్థం లోపలే పేరుకుని గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు అంటుకుంటుంది. తిన్న కొద్ది రోజుల్లోనే పక్షి చస్తుంది.

అన్ని పశువులకూ ఆ సూది వేయరు కదా, వేసినవన్నీ చావవు కదా అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. సూది వేసిన పశువు కోలుకుంటే గొడవే లేదు, మందు దాని ఒంట్లోంచి కొద్ది రోజుల్లో పోతుంది. సూది వేసిన రెండు మూడు రోజుల్లోనే పశువు చస్తే మాత్రం మందు మాంసంలో ఉండిపోతుంది. అలాంటి కళేబరాలు నూటికి ఒకటి కన్నా తక్కువున్నా చాలు, రాబందుల జాతి అంతరించిపోతుందని లెక్కగట్టారు. ఎందుకంటే రాబందు ఒంటరిగా తినదు. ఒక్క ఎద్దు మీద పదులకొద్దీ పక్షులు వాలతాయి, ఒక్క కళేబరం గుంపునే తీసుకుపోతుంది. ఇంకో సంగతి, పుట్టుక. రాబందు జంట ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. పిల్ల పెద్దదై తను గూడు కట్టడానికి అయిదేళ్లు పడుతుంది. కోడిపెట్ట కాదు, పోయినవాటి లోటు ఒక్క కారులో తీరడానికి.

మన దేశంలో ఒకప్పుడు రాబందులు కోట్లలో ఉండేవి. 1992కూ 2007కూ మధ్య తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి చొప్పున మిగిలాయి. పొడుగుముక్కు రాబందులు నూటికి సుమారు మూడు మిగిలాయి. పదిహేనేళ్లలో ఇంత వేగంగా పడిపోయిన పక్షిజాతి ప్రపంచంలో మరొకటి దొరకడం కష్టం.

పోతే పోనీ, పక్షే కదా అనేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. అనంత్ సుదర్శన్, ఇయాల్ ఫ్రాంక్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒకప్పుడు రాబందులు ఎక్కువగా ఉన్న జిల్లాలను, మొదటి నుంచీ తక్కువగా ఉన్న జిల్లాలను పోల్చి చూశారు. రాబందులు పోయిన చోట కళేబరాలు కుళ్లాయి, నీళ్లు పాడయ్యాయి, ఊరకుక్కలు పెరిగాయి, పిచ్చికుక్క కాట్లు పెరిగాయి. 2000 నుంచి 2005 మధ్య దేశంలో అదనంగా సుమారు 5 లక్షల మంది చనిపోయారని వాళ్ల అంచనా. ఆసుపత్రి అరవై కిలోమీటర్ల దూరంలో ఉండి, కుక్క కాటు సూది ఎక్కడ దొరుకుతుందో తెలియని గూడెంలో ఆ లెక్క ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా?

దొమ్మరోగం సంగతి కూడా చూడండి. అదే ఆంత్రాక్స్. 2021 అక్టోబరులో మన వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలోనే గొర్రెలకు వచ్చింది. రాబందు కడుపులోని ఆమ్లం చాలా రోగక్రిములను చంపేయగలదు. కుక్క కడుపు అలా కాదు, అది రోగాన్ని ఊళ్లోకి మోసుకొస్తుంది.

ఇక చట్టం. 2006లో పశువుల డైక్లోఫెనాక్ తయారీని ఆపమని కేంద్రం ఆదేశించింది. 2008లో గెజిట్ నోటిఫికేషన్‌తో నిషేధం పక్కా అయింది. అయినా సూది ఆగలేదు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు వాడటం మొదలైంది. ఎద్దుకు ఎక్కువ మందు కావాలి, పెద్ద సీసా చౌకగా వచ్చేది. 2015లో మనుషుల మందును కూడా 3 మిల్లీలీటర్ల ఒంటి మోతాదు సీసాకే పరిమితం చేశారు. కంపెనీలు మద్రాసు హైకోర్టుకు వెళ్లాయి, 2017లో అక్కడ ఓడిపోయాయి. ఈలోపు అదే పని చేసే వేరే మందులు షాపుల్లోకి వచ్చాయి. ఎసిక్లోఫెనాక్ అయితే పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారిపోతుంది, చొక్కా మార్చిన పాత దొంగ అన్నమాట. 2023 జూలైలో ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్ మందులను పశువులకు నిషేధించారు. 2024 డిసెంబరు చివర నిమెసులైడ్‌ను నిషేధించారు. మొదటి మందుకూ చివరి మందుకూ మధ్య పద్దెనిమిదేళ్లు! మందు మార్కెట్లోకి రాకముందే రాబందుకు హానికరమా కాదా అని పరీక్షించే పద్ధతి ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు. ఒక్కో మందు వెనక పరుగెత్తడం పిల్లీ ఎలుకా ఆటే.

మన తెలంగాణలో ఈ పక్షి పూర్తిగా పోయిందనుకుంటున్న రోజుల్లో, 2013లో, ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి. గుట్ట కింద పెద్దవాగు, కొంచెం అవతల ప్రాణహిత. నిలువుగా చెక్కినట్టున్న రాతి గోడలో సందుల మధ్య గూళ్లు. అటవీశాఖ జటాయువు పేరుతో అక్కడ సంరక్షణ పని పెట్టింది. ప్రాణహిత అవతల గడ్చిరోలిలో ఊళ్లవాళ్లతో కలిసి మందు లేని కళేబరాలను రాబందులకు వేసే చోట్లు ఏర్పాటు చేశారు. హైదరాబాదు నెహ్రూ జూపార్కులో రాబందులను పెంచి పిల్లలు చేయించే కేంద్రం ఉంది. 2024లో హర్యానాలోని పింజోర్ కేంద్రంలో పెరిగిన రాబందులను మహారాష్ట్రలోని తాడోబాకు తెచ్చి వదిలారు. అందులో ఒకటి తమిళనాడు దాకా ఎగిరిపోయింది. రాబందుకు ఒక్కరోజులో వంద కిలోమీటర్ల ప్రయాణం పెద్ద విషయం కాదు. పాలరాపు గుట్ట మనది కాదు, వరంగల్లో గూళ్లే లేవు, మనకెందుకు అనేవాళ్లు ఈ దూరాలు గుర్తుపెట్టుకోండి. అక్కడి పక్షికి ఇక్కడి కళేబరం అందుతుంది.

ఇప్పుడు మీ మనసులో ఉన్న అసలు ప్రశ్నకు వస్తాం. అడవిలో ఏదో జంతువు పేరు చెబితే చాలు, మన గుండె గుభేలుమంటుంది. పులి పేరు చెప్పి కవ్వాల్‌లో ఊళ్లు లేపారు. 2025లో కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వు అంటూ జీవో 49 వచ్చింది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఆదివాసీలు రోడ్డెక్కాక జూలైలో ప్రభుత్వం దాన్ని నిలిపి పెట్టింది. ఇప్పుడు రాబందు పేరు చెప్పి రేపు మనల్నే పొమ్మంటారా అని అడిగితే అది తప్పుడు అనుమానం కాదు. అనుభవం నేర్పిన అనుమానం.

కానీ రాబందు పులి కాదు. పులికి మనుషులు లేని అడవి కావాలంటారు. రాబందుకు మనుషులున్న ఊరు కావాలి, ఆ ఊళ్లో పశువులు కావాలి. వేల ఏళ్లుగా అది తిన్నది చాలావరకు మన ఎడ్లను, ఆవులను, బర్రెలనే. ఊరు లేపేస్తే పశువు పోతుంది, పశువు పోతే రాబందుకు తిండి పోతుంది. గూడున్న గుట్ట దగ్గర రాళ్లు పేల్చకుండా, పిల్లలున్న కాలంలో గోల చేయకుండా చూసుకోవాలి, అంతే. అందుకే ఎవరైనా రాబందు పేరు చెప్పి గూడెం ఖాళీ చేయించే మాట ఎత్తితే, ఈ పక్షి తినేది మా పశువులనే, మేము లేనిది అది బతకదని గ్రామసభలో నిలబడి చెప్పండి. అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడే అధికారం గ్రామసభకే ఇచ్చింది. ఆ అధికారం వాడటానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

నేపాల్లో ఇదే జరిగింది. నవల్‌పరాసి జిల్లా పిఠౌలిలో ఊరివాళ్లే, వాళ్ల సామాజిక అడవి కమిటీయే, 2006లో జటాయు రెస్టారెంట్ అని ఒకటి పెట్టుకున్నారు. పేరు చూసి నవ్వకండి, మంచి ఆలోచన. పనికి రాని ముసలి పశువులను రైతుల దగ్గర కొంటారు. వాటిని మేపుతారు, హానికరమైన మందులు వేయకుండా చూస్తారు. అవి వాటంతట అవి చచ్చాక బయట మైదానంలో రాబందులకు వేస్తారు. చూడ్డానికి వచ్చేవాళ్ల నుంచి నాలుగు రూపాయలు ఊరికి వస్తాయి. ఎవరినీ ఎక్కడికీ పంపలేదు. పక్షులు పెరిగాయి.

ఇక మన దొడ్డి దగ్గరికి వద్దాం. ఈ పని మొత్తం అక్కడే తేలాలి.

వాన పడింది. ఎద్దు మేత మానేసింది, ఒళ్లు కాలిపోతోంది. రేపు దమ్ము చేయాలి. పశువుల డాక్టరు దూరం. దగ్గర్లో ఉన్న గోపాలమిత్రనో, సంచి వేసుకుని తిరిగే సూదిమందు మనిషినో పిలుస్తారు. ఆ రైతుకు రాబందు కథ చెబితే వింటాడా? వినడు, వినాలని మేం కోరడమూ లేదు. ఎద్దు పోతే ఏడాది పోతుంది. పశువు నొప్పి తగ్గాల్సిందే. మేం చెప్పేదల్లా నొప్పి తగ్గించే మందుల్లో రాబందుకు హాని చేయనివి ఉన్నాయని. మెలోక్సికామ్ అలాంటిది. 2006లోనే రాబందులకు పరీక్షించి చూశారు. టోల్ఫెనామిక్ యాసిడ్ కూడా సురక్షితమని తేలింది. జ్వరానికీ, నొప్పికీ, వాపుకూ ఇవే పనిచేస్తాయి. మెలోక్సికామ్ ఖరీదేమీ కాదు, మామూలుగా దొరికే మందే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్, నిమెసులైడ్ వద్దు. ఫ్లూనిక్సిన్ కూడా హాని చేసేదే, అదీ వద్దు. ఎంత మోతాదు అనేది డాక్టరు చెప్పాలి, మేం చెప్పం, మీరూ ఊహించకండి.

మన ఆకుమందులే చాలు కదా అని ఒక పెద్దాయన అడిగారు. బెణికిన కాలికి, పైవాపుకు వావిలాకు కట్టు కట్టడం మనకు తెలిసిన వైద్యమే, కట్టండి. కానీ గొంతువాపుకు, జబ్బవాపుకు ఆకు సరిపోదు. అవి గంటల్లో పశువును తీసుకుపోయే రోగాలు. వాటికి వానలకు ముందే టీకా వేయించాలి, వచ్చాక డాక్టరు మందు వేయాలి. టీకా వేయించిన ఊళ్లో నొప్పి సూది అవసరమే తగ్గుతుంది. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. మన పిల్లలు అందులో చేరాలి. గూడేనికి మన భాష తెలిసిన డాక్టరు వస్తే, సంచిలో ఏ సీసా ఉండాలో వాళ్లే చూసుకుంటారు.

సూది వేసేటప్పుడు సీసా చూపించమని అడగండి. సంచి మనిషికి కోపం వస్తే రానీయండి. చదువుకున్న తమ్ముడో చెల్లెలో పేరు చదివి, ఫోటో తీసి పెట్టుకోండి. పశువు చనిపోతే ఆ ఫోటోయే అక్కరకొస్తుంది. ఆ అయిదు మందుల్లో ఏదైనా ఈమధ్యే వేసి ఉంటే ఆ కళేబరాన్ని లోతుగా పూడ్చేయండి, బయట వదలొద్దు. నోటి నుంచి, ముక్కు నుంచి గడ్డకట్టని రక్తం కారుతూ పశువు హఠాత్తుగా చస్తే దొమ్మరోగమని అనుమానించాలి. తోలు తీయొద్దు, కోయొద్దు, తినొద్దు. డాక్టరుకు చెప్పి, సున్నం వేసి పూడ్చాలి. కుక్కల కోసమో, చిరుతపులి మీద కోపంతోనో కళేబరం మీద పురుగుమందు చల్లడం ఇంకా కొన్ని చోట్ల ఉంది. అది ఆపాలి. ఆ మందుకు రాబందే కాదు, మీ ఇంటి కుక్క కూడా పోతుంది. కేసు కూడా అవుతుంది, రాబందు వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది.

మంగపేటలోనో, పస్రాలోనో, గూడూరులోనో మందుల షాపు ముందు నిలబడినప్పుడు పశువులకు ఏ నొప్పి మందు ఇస్తున్నారని అడగండి. గొడవ పడొద్దు, అడగండి చాలు. పది మంది అడిగి మెలోక్సికామ్ కావాలంటే షాపతను అదే తెప్పిస్తాడు, వాడికి కావలసింది గిరాకీ.

నిషేధించిన మందు పశువుల కోసం అమ్ముతుంటే డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వండి, గ్రామసభ తీర్మానం జత చేస్తే మరీ మంచిది. తీర్మానం నమూనా ఒకటి రాసి తెచ్చాం. అందులో మూడు వాక్యాలే ఉన్నాయి: మా ఊళ్లో ఈ అయిదు మందులు పశువులకు వేయనివ్వం, వేసిన పశువు చస్తే పూడుస్తాం, రాబందు కనిపిస్తే గ్రామసభ పుస్తకంలో తేదీ, చోటు రాస్తాం. మీ భాషలోకి మార్చుకోండి. కోయలో, గోండిలో, లంబాడీలో మందుల పేర్లు ఎలాగూ మారవు, మిగతాది మార్చండి.

బయట బల్ల మీద పెద్ద అక్షరాలతో మందుల పేర్ల చీటీలు పెట్టాం. ఇంటికి తీసుకెళ్లి దొడ్డి గుంజకు కట్టండి. వాన తగిలినా చిరగకుండా ప్లాస్టిక్ తొడుగు వేయించాం. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి, మధ్యాహ్నం భోజనానికి ఇంకా అరగంట టైముంది.